ఆకుకు తెలియని అతిథులు

హెలికోనియా మొక్కకు కొత్త ఆకు వచ్చేటప్పుడు అచ్చం అరటి మొవ్వులాగే ఉంటుంది. గట్టిగా చుట్టుకున్న పొడవాటి గొట్టంలా పైకి లేచి, ముందు కొస దగ్గర కాస్త నోరు తెరుస్తుంది. ఆ నోరు ఓ చిన్న గబ్బిలం దూరేంత అయినప్పటి నుంచి ఆకు పూర్తిగా విప్పుకునే దాకా పట్టే సమయం సుమారు ఒక రోజు. దక్షిణ మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా వర్షారణ్యాల్లో ఉండే థైరాప్టెరా ట్రైకలర్ అనే గబ్బిలం ఆ ఒక్క రోజునే నమ్ముకుని బతుకుతుంది. ఈరోజు ఉన్న ఇల్లు రేపటికి వట్టి ఆకు అయిపోతుంది. అందుకని దాదాపు రోజూ కొత్త గొట్టం వెతుక్కోవాల్సిందే.

ఈ గబ్బిలం బరువు 4 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. బొటనవేళ్ల మొదట్లో, పాదాల కింద గుండ్రటి చిన్న బిళ్లలుంటాయి. గాజు పలకకు అతుక్కునే రబ్బరు బిళ్లలాగే ఇవీ గాలిని పీల్చి పట్టుకుంటాయి. లేత ఆకు లోపలి నునుపు మీద వాటి పట్టు గట్టిది. గరుకు తలం మీద మాత్రం అంతగా ఆగవు. మిగతా గబ్బిలాలు తలకిందులుగా వేలాడితే ఇది తల పైకి పెట్టుకుని, ఆకు నోటి వైపు చూస్తూ కూర్చుంటుంది. గుంపులో ముందుగా గొట్టం దొరికినది లోపల చేరుతుంది. బయట ఎగురుతున్నవి పిలుస్తాయి, లోపలున్నది బదులిస్తుంది. ఆకు ఈ మాటల్లో బాకాలా పనిచేస్తుందని గ్లోరియానా చావెర్రి, ఎరిన్ గిల్లమ్ 2013లో చూపించారు. బయటి నుంచి వచ్చే పిలుపు గొట్టంలో 10 డెసిబెళ్ల వరకు పెరుగుతుంది.

ఇంత జరుగుతున్నా హెలికోనియాకు ఏమీ తెలియదు. ఆకు తన వేళకు విప్పుకుంటుంది, పచ్చబడుతుంది, ఎండను పట్టి ఆహారం తయారుచేసుకుంటుంది. ఉదయం అందులో అయిదు గబ్బిలాలు ఉన్నాయా, ఒక్కటీ లేదా అన్నది దాని బతుకులో కనిపించదు. జీవశాస్త్రంలో ఇలాంటి సంబంధాన్నే సహభోజకత్వం అంటారు. ఒకరికి లాభం, రెండోవారికి లాభమూ లేదు, నష్టమూ లేదు. బెల్జియం జంతుశాస్త్రవేత్త పియేర్ జోసెఫ్ వాన్ బెనెడెన్ 1870లలో ఈ భావనను స్థిరపరిచాడు. ఇంగ్లిష్ మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లని. పేరులో భోజనం ఉంది గానీ, ఉష్ణమండల అడవుల్లో ఈ సంబంధం ఎక్కువగా తిండి కోసం కాదు, చోటు కోసం. గూడు, నీడ, తేమ, నాలుగు చుక్కల నీళ్లు, ఎక్కి కూర్చునేంత ఎత్తు. మొక్క ఇచ్చేది ఇవే.

పుస్తకాల్లో ఈ సంబంధాన్ని కూడిక గుర్తు, సున్నా గుర్తుతో రాస్తారు. కూడికతో పేచీ లేదు. గబ్బిలానికి ఆకు అవసరమని ఎవరైనా చూసి చెప్పొచ్చు. చిక్కంతా సున్నాతోనే. ఒక మొక్కకు లాభం కనిపిస్తే కొలిచి చూపించొచ్చు, నష్టమైనా అంతే. ఏమీ లేదని చూపించడం అలా కుదరదు. కొలిచాక నిజంగానే తేడా లేకపోవడం ఒక సున్నా, ఎవరూ కొలవకపోవడం ఇంకో సున్నా. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అడవిలో సహభోజకత్వం అని పేరు పడ్డ సంబంధాల్లో రెండో రకం సున్నాలే ఎక్కువ. ఈ విషయాన్ని పాఠ్యపుస్తకాలు విద్యార్థులకు చెప్పకపోవడం పెద్ద లోపం.

కొలతలు లేనప్పుడు అడగదగిన ప్రశ్న ఒకటుంది. ఈ సంబంధం గుర్తు ఎవరి ఒంటి మీద ఉంది? తరతరాలుగా లాభం వస్తుంటే దాన్ని పట్టి ఉంచే మార్పులు ఒంట్లో రావడానికి అవకాశం ఉంటుంది. థైరాప్టెరా కాళ్ల బిళ్లలు అలాంటి గుర్తు. హెలికోనియా ఒంటి మీద గబ్బిలం కోసం వచ్చిన మార్పు ఏదీ కనిపించదు. గబ్బిలం ఉన్నా లేకున్నా ఆకు అలాగే చుట్టుకుని పుడుతుంది. దీన్ని మధ్య అమెరికాలోని కొమ్ముతుమ్మతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ చెట్టు ముళ్లు ఉబ్బి చీమలకు ఇళ్లవుతాయి, ఆకుల కొసల్లో చీమలు తినడానికే అన్నట్టు పోషకాల గుళికలు కాస్తాయి. బదులుగా చీమలు ఆకులు తినే పురుగుల్ని తరిమేస్తాయి, చుట్టూ పెరిగే తీగల్ని కొరికేస్తాయి. చీమల్ని తీసేస్తే చెట్టు దెబ్బతింటుందని డేనియల్ జాన్‌జెన్ 1966లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించాడు. అక్కడ గుర్తులు రెండు వైపులా ఉన్నాయి, కనుక అది పరస్పర సహకారం.

గబ్బిలాల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. బోర్నియోలో కెరివౌలా హార్డ్‌విక్కీ అనే చిన్న గబ్బిలం నెపెంథిస్ హెమ్స్‌లెయానా అనే కూజా మొక్కలో పగలు నిద్రపోతుంది. పైపైన చూస్తే ఇదీ థైరాప్టెరా కథే. కానీ ఆ కూజా నోటి వెనక గోడ లోపలికి వంగి, గబ్బిలం వదిలే శబ్దాన్ని తిరిగి దాని చెవికే చేర్చే పళ్లెంలా ఉంటుందని 2015లో తేలింది. చీకట్లో తన కూజా ఎక్కడుందో గబ్బిలానికి చెప్పేది ఆ గోడే. దగ్గరి చుట్టమైన ఇంకో కూజా మొక్కతో పోలిస్తే ఇది పట్టే పురుగులు తక్కువ. ఆ లోటును గబ్బిలం పెంటే తీరుస్తుంది. బ్రూనైలో చేసిన పరిశోధన ప్రకారం, గబ్బిలాలు ఉండే కూజాల ఆకుల్లోని నత్రజనిలో సుమారు మూడో వంతు వాటి పెంట నుంచే వస్తోంది. పడక అద్దెకు ఇచ్చి ఎరువు వసూలు చేసుకునే మొక్క ఇది. హెలికోనియా అద్దె అడగదు.

ఇక జమైకాలోని ఒక పీత దగ్గరకొద్దాం. ఉష్ణమండల అమెరికాలో బ్రొమీలియాడ్ కుటుంబానికి చెందిన మొక్కలు చాలావరకు కొమ్మల మీదా రాళ్ల మీదా పెరుగుతాయి. అనాస కూడా ఈ కుటుంబానిదే. ఆకులన్నీ మొదళ్ల దగ్గర ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని గిన్నెలా ఏర్పడతాయి. వాన నీళ్లు అందులో నిలుస్తాయి. జమైకాలో సున్నపురాయి కొండల మీది తడి అడవుల్లో, సముద్రంతో పనిలేకుండా ఈ గిన్నెల్లోనే కాపురం చేసే పీత ఉంది. దాని పేరు మెటోపౌలియాస్ డిప్రెసస్. రెండు సెంటీమీటర్ల డిప్ప, ఆకుల సందుల్లోకి దూరడానికి వీలుగా అణిగిపోయిన ఒళ్లు. సముద్రంలో ఉండే పీతలు పిల్లల్ని నీళ్లలో వదిలేసి తమ దారిన పోతాయి. ఈ తల్లికి ఆ అవకాశం లేదు, ఎందుకంటే దాని పిల్లల సముద్రం ఒక ఆకు మొదట్లో నిలిచిన కాసిని నీళ్లు.

రాలిన ఆకులు పడి కుళ్లితే ఆ నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది, నీళ్లు పులిసిపోతాయి. తల్లి పీత ముందు ఆ చెత్తనంతా ఒక్కొక్కటిగా బయటికి లాగి పడేస్తుంది. తర్వాత ఖాళీ నత్త గుల్లల్ని వెతికి తెచ్చి నీళ్లలో వేస్తుంది. గుల్లల్లోని సున్నం మెల్లగా కరిగి నీళ్ల పులుపును తగ్గిస్తుంది, పిల్లల డిప్పలు గట్టిపడడానికి కావాల్సిన కాల్షియం అందిస్తుంది. ఆ నీళ్లలోనే పెరిగే సన్న తూనీగ పిల్లలు పీత పిల్లల్ని తినేస్తాయి. తల్లి వాటిని పట్టి చంపుతుంది. పిల్లలకు తిండి కూడా తనే తెచ్చి పెడుతుంది. రుడాల్ఫ్ డీసెల్ ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల వల్ల ఇవన్నీ తెలిశాయి. జమైకాలో మాత్రమే కనిపించే, నేల మీదా మంచినీళ్లలోనూ ఉండే పీత జాతులన్నీ సుమారు 40 లక్షల ఏళ్ల క్రితం సముద్రం నుంచి వచ్చిన ఒకే పూర్వీకుడి సంతతి అని 1998లో జన్యు పరిశోధన తేల్చింది. అంటే ఈ నీళ్ల తొట్టి సంరక్షణ, ఈ అణిగిన ఒళ్లు, అన్నీ ఆ కాలంలోపే వచ్చాయి. పీత బతుకు మొత్తం బ్రొమీలియాడ్ అచ్చులో పోతపోసినట్టు ఉంటుంది. బ్రొమీలియాడ్ మాత్రం పీతలున్న చోట, లేని చోట ఒకే గిన్నె కడుతుంది.

అలాగని దీన్ని తిరుగులేని సహభోజకత్వం అనేయలేం. బ్రొమీలియాడ్ల గిన్నెల మీద మొదటి గట్టి అధ్యయనం చేసింది కోస్టారికా శాస్త్రవేత్త క్లొడొమీరో పికాదో. ఆయన 1913లో వెలువరించిన గ్రంథంలో ఈ గిన్నెల్లో బతికే జంతు జాతుల జాబితా 250 దాకా ఉంది. కప్పలు, దోమ పిల్లలు, జెర్రులు, జలగలు, సాలీళ్లు, ఇంకా ఎన్నో. కొమ్మల మీద ముక్కలు ముక్కలుగా పరిచిన చిత్తడి నేల అది. అయితే ఈ మొక్కల ఆకుల మొదట్లో నీటినీ పోషకాలనూ పీల్చుకునే పొలుసులుంటాయి. వేళ్లు కొమ్మను పట్టుకోవడానికే పరిమితమైన మొక్కకు తిండి ఆ గిన్నె నుంచే రావాలి. అలాంటప్పుడు అందులో పెంట వేసే, చచ్చే, తిని మిగిల్చే ప్రతి జంతువూ ఎరువుగా లెక్కకు వస్తుందా రాదా?

దీనికి 2006లో ఒక జవాబు దొరికింది. దక్షిణ అమెరికాలో నేల మీద పెరిగే బ్రొమీలియా బలాన్సే అనే ముళ్ల మొక్క మీద సెకాస్ చపోడా అనే గంతుల సాలీడు ఉంటుంది. అది దాదాపుగా ఈ మొక్క మీదే బతుకుతుంది. గుడ్లు ఇక్కడే, వేట ఇక్కడే. మొక్కకు దీనివల్ల ఏమీ ఒరగదని అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. గుస్టావో రొమేరో బృందం నత్రజనిలోని బరువైన రూపాన్ని (ఐసోటోపును) ఆనవాలుగా పెట్టి లెక్క తీసింది. గ్రీన్‌హౌస్‌లో పెంచిన మొక్కల మొత్తం నత్రజనిలో 18 శాతం సాలీళ్ల నుంచి వచ్చింది. బయట ఒక ఏడాది పాటు చూస్తే, సాలీళ్లున్న మొక్కల ఆకులు లేనివాటి ఆకుల కంటే 15 శాతం పొడవు పెరిగాయి. కొలవకముందు సున్నా అనిపించింది కొలిచాక కూడికగా మారిపోయింది.

ఇది పైన చెప్పిన ఒంటి మీది గుర్తు పరీక్షకు కూడా దెబ్బే. బ్రొమీలియా ఒంట్లో సాలీడు కోసం పుట్టిన ప్రత్యేక మార్పేదీ లేదు. పోషకాలు పీల్చే పొలుసులు ఎవరి ఎరువైనా పీలుస్తాయి. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన లాభం లేదనడానికి వీల్లేదు. మొక్క ఆ ఫలానా అతిథిని ఎంచుకోలేదని మాత్రమే అర్థం. నిజానికి ముఖ్యమైన తేడా అదే. లాభం చిన్నదో పెద్దదో కావచ్చు, కానీ అతిథిని నిలబెట్టుకునే ఏర్పాటు మొక్క దగ్గర లేదు. సాలీడు పోతే ఆ మొక్క దాన్ని రప్పించడానికి ఏమీ చేయదు.

చెట్టు తొర్రల సంగతీ దాదాపు ఇంతే. కొమ్మ విరిగిన చోట కుళ్లి తొర్ర పడుతుంది, వాన నీళ్లు నిలుస్తాయి. ప్రపంచంలోకెల్లా రెక్కల విస్తృతి ఎక్కువున్న మెగాలొప్రెపస్ తూనీగ ఆ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. పక్షుల గూళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటిదాకా లాభం జంతువుది. తిరగేసి చూస్తే మొక్కకు లాభం, జంతువుకు ఏమీ లేని సంబంధాలూ ఉన్నాయి. ఉత్తరేణి పొదల పక్కన నడిచినవాళ్లకు ఇది కొత్త కాదు. గింజ జంతువు బొచ్చుకు అంటుకుని ఊరేగి, ఎక్కడో రాలి మొలుస్తుంది. మోసినదానికి కూలీ లేదు, పెద్దగా కష్టమూ లేదు. ఆ కష్టం ఎప్పుడూ చిన్నదే అనుకుంటే మాత్రం పొరపాటు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లోని చిన్న ద్వీపాల్లో పైసోనియా గ్రాండిస్ అనే చెట్టు అడవులుగా పెరుగుతుంది. సముద్రపు పక్షులు వేల సంఖ్యలో దాని కొమ్మల మీద గూళ్లు కట్టుకుంటాయి. కాయలు గుత్తులుగా వస్తాయి, ఒక్కోదాని మీదా జిగురు కారుతూ ఉంటుంది. ఒకటో రెండో అంటుకున్న పక్షి ఎగిరిపోతుంది, గింజ ఇంకో ద్వీపం చేరుతుంది. గుత్తికి గుత్తే అంటుకుంటే రెక్కలు విప్పుకోలేక పక్షి నేల మీద పడి చచ్చిపోతుంది. చచ్చిన పక్షుల వల్ల మొలకలకు ప్రత్యేకంగా మేలు కలుగుతుందనడానికి సీషెల్స్‌లో చేసిన అధ్యయనంలో ఆధారం దొరకలేదు. చెట్టుకు కావాల్సింది ఎగిరిపోయే పక్షే. ఒకే చెట్టు, ఒకే పక్షి జాతి. అంటుకున్న గింజలు రెండా ఇరవయ్యా అన్నదాన్ని బట్టి సున్నా కాస్తా ప్రాణాంతకం అవుతుంది.

న్యూగినీ కొండల మీద మబ్బులు కమ్మిన అడవుల్లో ఇంకో వింత ఉంది. అక్కడ జిమ్నోఫోలస్ అనే పెద్ద ముక్కుపురుగుల వీపు మీద ఆల్గే, లైకెన్లు, మాస్ మొక్కలు పెరుగుతాయి. ఆ పొదల్లో మళ్లీ కంటికి కనబడనంత చిన్న పురుగులు తిరుగుతాయి. నడిచే కొమ్మ మీద మొలిచిన చిన్న తోట అది. లిన్స్‌లీ గ్రెసిట్ 1960లలో వీటిని వర్ణించాడు. చెట్టు మీద మొక్క పెరిగినట్టే పురుగు మీద పెరిగిందిలే, పురుగుకు ఒరిగేదేముంది అనిపిస్తుంది. కానీ ఆ పురుగుల వీపు నున్నగా లేదు. గుంటలు, ప్రత్యేకమైన పొలుసులు ఉన్నాయి, మొక్కలు అంటుకునేందుకు తోడ్పడే స్రావమూ ఉంది. గుర్తు మోసేవాడి ఒంటి మీద ఉందంటే సున్నా మీద అనుమానం రావాలి. పచ్చటి వీపు వల్ల శత్రువుల కంట పడకపోవడమే లాభమని ఊహ. చెట్లకు వేలాడుతూ నెమ్మదిగా కదిలే మూడు వేళ్ల స్లాత్ అనే జంతువు వెంట్రుకల్లో అడ్డంగా ఉండే పగుళ్లు, వాటిలో పెరిగే పచ్చటి ఆల్గే కూడా ఇదే ప్రశ్న లేవనెత్తుతాయి. ఆ ఆల్గేను స్లాత్ తింటుందనీ, దాని బొచ్చులో ఉండే చిమ్మటలే ఆల్గేకు ఎరువు చేరుస్తాయనీ 2014లో ఒక ప్రతిపాదన వచ్చింది. వాదన ఇంకా తెగలేదు.

మనకు తెలుగులో బదనిక అని ఒక మాట ఉంది. చెట్టు రసం తాగే పరాన్నజీవికీ అదే పేరు, చెట్టు మీద ఊరికే కూర్చునే ఆర్కిడ్‌కూ అదే పేరు. పై నుంచి చూసే కంటికి తేడా తెలియదు కాబట్టి ఆ పేరులో తప్పు లేదు. ఆర్కిడ్ల వంటి వృక్షోపజీవులకు చెట్టు ఇచ్చేది ఎండ తగిలే చోటు మాత్రమే. నాళాలున్న మొక్కల్లో దాదాపు పదో వంతు జాతులు ఇలాంటివే. ఆ సంబంధం మొక్కకూ మొక్కకూ మధ్యది, కానీ జంతువుల కథ దాని మీదే నిలబడి ఉంది. కొమ్మ మీది అతిథి తన మీదికి ఇంకొందరు అతిథుల్ని పిలుస్తుంది.

ఆసియా ఉష్ణమండల అడవుల్లోని పక్షిగూడు ఫెర్న్ ఇందుకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ. పొడవాటి ఆకులు గుండ్రంగా గంపలా పేర్చుకుని, పైనుంచి రాలే ఎండుటాకుల్ని పట్టి దాచుకుంటాయి. ఆ ఆకులు కుళ్లి, కొమ్మల మీద, నేలకు ఎంతో ఎత్తున, మట్టి తయారవుతుంది. పెద్ద ఫెర్న్ తడి బరువు 200 కిలోల దాకా ఉంటుంది. లోపల బయటికన్నా చల్లగా, తేమగా ఉంటుంది కాబట్టి చీమలు, చెదలు, జెర్రులు, బొద్దింకలు అందులో చేరతాయి. బోర్నియోలోని డానమ్ లోయలో పనిచేసిన ఎల్‌వుడ్, ఫాస్టర్ 2004లో ప్రచురించిన లెక్క శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరిచింది. ఒక్క పెద్ద ఫెర్న్‌లో ఉండే వెన్నెముక లేని జంతువుల మొత్తం బరువు, ఆ చెట్టు తలలో మిగతా అంతటా ఉన్నవాటి బరువుతో సమానం కావచ్చు. అప్పటిదాకా అడవి పైకప్పులో ఎన్ని పురుగులున్నాయన్న అంచనాలు ఈ గంపల్ని లోపల వెతకకుండా వేసినవే.

మోసే చెట్టుకు ఇక్కడ నష్టం ఉందా? మామూలు రోజున లేదు. గాలివానలో, నీళ్లు తాగి బరువెక్కిన 200 కిలోల గంప పాత కొమ్మ మీద ఉంటే ఉంది. కొమ్మ విరిగిన ఆ రాత్రి లెక్క వేస్తే ఇది నష్టదాయక సంబంధం, అంతకుముందు ఇరవై ఏళ్లూ వేస్తే సున్నా. ఏ జంటకైనా ఒకే గుర్తు శాశ్వతంగా రాసిపెట్టడం కుదరదన్నది ఇందువల్లే. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అన్నవి చెప్పకుండా రాసిన సున్నాకు అర్థం సగమే.

గుర్తు ఏదైనా, ఆధారపడడం మాత్రం ఒకవైపే ఉండడం వల్ల ఈ అతిథులకు ఉన్న ముప్పు వేరు. కొమ్ముతుమ్మ మీద చీమలు పోతే చెట్టు వాడిపోయి మనకు చెబుతుంది. థైరాప్టెరా పోతే హెలికోనియా ఏమీ చెప్పదు. పైగా ఆ గబ్బిలానికి మొక్క ఉంటే చాలదు. రోజూ కొత్త మొవ్వు వేసేన్ని మొక్కలు ఒకేచోట గుబురుగా ఉండాలి. పది మొక్కలు మిగిలిన అడవి ముక్క మ్యాపులో హెలికోనియా ఉన్న చోటుగానే కనిపిస్తుంది, కానీ అందులో ఈ గబ్బిలానికి రేపటి ఇల్లు ఉండకపోవచ్చు. అడవుల ఆరోగ్యాన్ని చెట్ల లెక్కతో, ఉపగ్రహం నుంచి కనిపించే పచ్చదనంతో కొలిచే పద్ధతికి ఈ నష్టం అందదు.

బోర్నియోలో అడవి కొట్టి వేసిన ఆయిల్‌పామ్ తోటల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పక్షిగూడు ఫెర్న్ ఆ తోటల్లో కూడా బాగానే పెరుగుతుంది. పామ్ మట్టల మొదళ్లలో కుదురుకుని అవే గంపలు కడుతుంది, అలాగే ఆకులు పోగేస్తుంది. దారిన పోయేవారికి తేడా కనిపించదు. అక్కడి సాబా రాష్ట్రంలో పరిశోధకులు ఆ ఫెర్న్‌లను కిందికి దించి, విప్పి, లోపలి చీమల్ని ఒక్కొక్కటిగా గుర్తించి, అడవిలోని ఫెర్న్‌ల చీమలతో పోల్చి చూశారు. జాతుల సంఖ్య దాదాపు అంతే ఉంది. కానీ ఆ జాతుల్లో అడవివి కొద్దివే, మిగతావి ఎక్కడైనా సర్దుకుని బతికేవి. గంప అదే, ఆకులు అవే, లోపల ఉన్నవాళ్లు మాత్రం వేరు.